తగ్గాక మొదలుపెడదాం అనే మాట

నడుం నొప్పి ఉన్నవాళ్ళు కదులుతూ ఉండాలని ఇప్పుడు తెలియనివాళ్ళు లేరు. డాక్టరు అదే చెప్తారు, ఫిజియోథెరపిస్టూ అదే చెప్తారు, లిఫ్టులో కనబడ్డ పక్కింటాయన కూడా అదే చెప్తాడు. అయినా నొప్పి పట్టుకున్న మూడో నెలకి చాలామంది మంచానికీ కుర్చీకీ మధ్యే తిరుగుతుంటారు. ఇది బద్ధకం కాదు. "కదలండి" అన్న సలహా ఒక్క ముక్కే, దాన్ని అడ్డుకునేవి మాత్రం డజను. వాటిలో సగం నడుంలో ఉండనే ఉండవు.

అన్నిటికంటే పెద్ద అడ్డంకి ఒక మాట: "కాస్త తగ్గనీ, అప్పుడు మొదలుపెడతా." వినడానికి సబబుగానే ఉంటుంది. కాలు విరిగితే అతుక్కున్నాకే కదా నడుస్తాం. కానీ మామూలు నడుం నొప్పి విరిగిన ఎముక లాంటిది కాదు. పదిమందిలో దాదాపు తొమ్మిదిమందికి ఇదిగో ఈ ఎముక, ఇదిగో ఈ నరం అని వేలు పెట్టి చూపించగల కారణం దొరకదు. అతుక్కోవలసినది ఏదీ లేనప్పుడు అతుక్కునేదాకా ఆగడమంటే ఊరికే ఆగడమే. ఆగిన ఆ రోజుల్లో వీపు, పిరుదులు, తొడల కండరాల్లో బలం తగ్గుతుంది. మునుపు అరగంట నడిచినవాళ్ళు పది నిమిషాలకే అలసిపోతారు. అలసిన కండరం ముందే సలపడం మొదలుపెడుతుంది. "చూశారా, నడిస్తే నొప్పొచ్చింది" అనడానికి రుజువు కూడా దొరికినట్టవుతుంది. ఇంకో నాలుగు రోజులు విశ్రాంతి.

విశ్రాంతి తీసుకోవడాన్ని మనం "నడుం వాల్చడం" అంటాం, పనిలోకి దిగడాన్ని "నడుం కట్టడం" అంటాం. వైద్యం కూడా దశాబ్దాలపాటు మొదటిదాని పక్షానే ఉండింది. 1986లో అమెరికాలో కొంతమందికి రెండు రోజులు, కొంతమందికి ఏడు రోజులు మంచం మీద ఉండమని చెప్పి చూశారు. రెండు రోజుల వాళ్ళు త్వరగా పనిలోకి వెళ్ళారు, నొప్పి విషయంలో వాళ్ళకి వచ్చిన నష్టమేమీ లేదు. 1995లో ఫిన్లాండులో హెల్సింకీ నగరపాలక ఉద్యోగులను మూడు గుంపులుగా చేశారు. ఒక గుంపుకి రెండు రోజుల పడక, ఒక గుంపుకి వీపు వ్యాయామాలు, మూడో గుంపుకి ఓర్చుకోగలిగినంతలో రోజువారీ పనులు. అందరికంటే బాగా కోలుకున్నది మూడో గుంపే. పడుకున్నవాళ్ళ మీదే కాదు, వ్యాయామాలు చేసినవాళ్ళ మీద కూడా. కాబట్టి నొప్పి కొత్తగా పట్టేసిన మొదటి వారంలో ప్రత్యేకంగా ఏదో చెయ్యాలన్న హైరానా అక్కర్లేదు, చేసుకుంటున్న పనులు పూర్తిగా వదిలెయ్యకపోతే చాలు. చాలామందికి ఆరు వారాల్లో బాగా తగ్గుతుంది. వ్యాయామం సంగతి నిజంగా పట్టించుకోవాల్సింది నొప్పి మూడు నెలలు దాటి మొండికేసినప్పుడు, లేదా తగ్గినట్టే తగ్గి మళ్ళీ మళ్ళీ వస్తున్నప్పుడు.

నొప్పి కాదు, గడియారం

మొండికేసిన నొప్పితో ఉన్నవాళ్ళు ఒక పద్ధతిలో పడిపోతారు. నొప్పి తక్కువగా ఉన్న రోజు, మళ్ళీ ఇలాంటి రోజు ఎప్పుడొస్తుందో అని, నెల రోజులుగా పేరుకున్న పనులన్నీ మీదేసుకుంటారు. ఇల్లంతా తుడుస్తారు, అటక సర్దుతారు, బట్టలుతుకుతారు. మర్నాడు లేవలేరు. మూడు రోజులు మంచం. నాలుగో రోజు కాస్త తేలికపడగానే మళ్ళీ అదే వరస. నెలాఖరున లెక్క వేస్తే మొత్తం కదలిక తక్కువే, నొప్పి మాత్రం ఎక్కువ. ఇక్కడ నొప్పే యజమాని. లేదంటే చెయ్, ఉందంటే ఆపు.

ఈ అజమాయిషీని నొప్పి చేతుల్లోంచి తీసి గడియారానికి ఇవ్వడమే అసలు పని. ఎలాగంటే, మూడు రోజులపాటు మామూలు వేగంతో నడవండి. నొప్పి ఉన్నదానికంటే స్పష్టంగా పెరుగుతోంది అనిపించగానే ఆగి, ఎన్ని నిమిషాలయిందో రాసుకోండి. మొదటి రోజు 12, రెండో రోజు 8, మూడో రోజు 10 అయ్యాయనుకుందాం. సగటు 10. అందులో 80 శాతం, అంటే 8 నిమిషాలు. మీ మొదటి కోటా అదే. ఇకనుంచి రోజూ 8 నిమిషాలే. నొప్పి ఎక్కువున్న రోజూ 8, ఒళ్ళు తేలిగ్గా ఉండి ఇంకో అరగంట నడవగలను అనిపించిన రోజూ 8. ఒక పూట చాలలేదనిపిస్తే సాయంత్రం ఇంకో 8 పెట్టుకోవచ్చు, కానీ అది కూడా రోజూ ఉండాలి.

వారానికి 10 శాతం చొప్పున పెంచుతూ పోతే 8 నిమిషాల నుంచి 30 నిమిషాలకు చేరడానికి 14 వారాలు పడుతుంది. మూడున్నర నెలలు! ఈ అంకె చూసి నిరుత్సాహపడి మొదటి వారంలోనే 20కి దూకేవాళ్ళు చాలామంది. రెండో వారంలో మానేసేదీ వాళ్ళే. మొదట్లో కోటా ఎంత చిన్నగా ఉండాలంటే, "ఇదీ ఒక వ్యాయామమేనా" అని కొంచెం సిగ్గేసేంత. ఆ సిగ్గుని ఓర్చుకోవడం నొప్పిని ఓర్చుకోవడం కంటే కష్టమని నా అభిప్రాయం, ముఖ్యంగా ఒకప్పుడు ఆటలాడినవాళ్ళకి. వాళ్ళ శరీరం మారింది, మనసులో ఉన్న కొలత మారలేదు.

ఇదే లెక్క నడకకే కాదు, కూర్చోవడానికీ నిలబడటానికీ పనికొస్తుంది. వంటింట్లో 15 నిమిషాలు నిలబడితే నొప్పి మొదలవుతుందంటే, 12వ నిమిషానికే ఒకసారి కూర్చోవాలి. 15 దాటి, 25 దాటి, ఇక తట్టుకోలేక కూర్చుంటే అది విశ్రాంతి కాదు, ఓటమి. నొప్పి వచ్చాక ఆపడం అలవాటైతే, పనికీ నొప్పికీ మెదడు ముడి వేసేస్తుంది. రాకముందే ఆపితే ఆ ముడి పడదు.

ఎంత నొప్పి ఫరవాలేదు

"నొప్పి ఉన్నా చెయ్యండి" అన్న మాట సగమే. ఎంత నొప్పి ఉంటే చెయ్యొచ్చో చెప్పకపోతే అది సలహా కాదు. సున్నా నుంచి పది వరకు ఒక కొలబద్ద అనుకోండి. మొదలుపెట్టేముందు 3 ఉంటే, చేస్తున్నప్పుడు 5 వరకు పోయినా కంగారు లేదు. ఆ పెరిగినది రాత్రికో మర్నాటి ఉదయానికో మళ్ళీ 3కి దిగాలి. 24 గంటలు దాటినా దిగలేదంటే మీరు చేసింది తప్పు పని కాదు, ఎక్కువ పని. కోటాలో ఐదో వంతు తగ్గించండి, మానెయ్యొద్దు.

రెండో కొలత నొప్పి ఎంతుందన్నది కాదు, ఎక్కడుందన్నది. పిరుదు నుంచి తొడ మీదుగా పిక్కలోకి లాగే నొప్పి ఉన్నవాళ్ళకి ఇది చాలా ముఖ్యం. ఏదైనా కదలికతో కాలి నొప్పి పైకి జరిగి నడుం మధ్యకి చేరుతుంటే, నడుంలో కాస్త ఎక్కువైనా సరే, అది మంచి గుర్తు. నడుం నొప్పి తగ్గి పాదంలో తిమ్మిరి పెరుగుతుంటే అది ఆ పూటకి సరిపడని కదలిక. న్యూజిలాండుకు చెందిన రాబిన్ మెకంజీ అనే ఫిజియోథెరపిస్టు తన పద్ధతినంతా ఈ ఒక్క గమనింపు చుట్టూనే కట్టాడు. చాలామంది దీన్ని తలకిందులుగా అర్థం చేసుకుంటారు. నడుం హాయిగా ఉంది కదా అని కాలు మొద్దుబారుతున్నా కొనసాగిస్తారు.

ఇక నిజంగా ఆగాల్సినవి వేరే ఉన్నాయి. మలమూత్ర ద్వారాల చుట్టూ, తొడల లోపలి వైపు స్పర్శ తెలియకపోవడం, మూత్రం ఆగిపోవడం లేదా అదుపు తప్పడం, రెండు కాళ్ళూ బలహీనపడటం లాంటివి కనిపిస్తే వ్యాయామం గురించి ఆలోచించకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి, గంటలు కూడా లెక్కే. నడుస్తుంటే పాదం ముందుభాగం పైకి లేవక నేలకి తగులుతున్నా ఆలస్యం చెయ్యొద్దు. జ్వరంతో కూడిన నొప్పి, కారణం లేకుండా బరువు తగ్గడం, గతంలో క్యాన్సర్, చాలాకాలంగా స్టెరాయిడ్ మందులు, పెద్ద వయసులో పడిపోవడం, ఏ భంగిమలోనూ ఊరటనివ్వని రాత్రి నొప్పి ఉంటే ముందు డాక్టరుకి చూపించుకోవాలి. ఇవి లేవని తేలాక మాత్రం "ఏమైపోతుందో" అన్న భయాన్ని పక్కన పెట్టొచ్చు.

స్కాన్ కాగితం చేసే పని

ఆ భయం ఎక్కడినుంచి వస్తుందంటే, ఎక్కువసార్లు ఎమ్మారై రిపోర్టు నుంచి. "డిస్క్ అరిగింది", "డిస్క్ ఉబ్బింది", "ఎల్ 4, ఎల్ 5 దగ్గర నరం నొక్కుకుంటోంది". డిస్క్ అంటే వెన్నుపూసల మధ్య ఉండే మెత్త, ఎల్ 4, ఎల్ 5 అంటే నడుం దగ్గరి నాలుగో, ఐదో పూసలు. ఈ మాటలు చదివిన మనిషి వంగేముందు పదిసార్లు ఆలోచిస్తాడు. తన వెన్ను పగిలిన కుండలా ఉందనుకుంటాడు. ఆ కాగితం మీద రాయని విషయం ఒకటుంది. 2015లో అసలు నడుం నొప్పే లేని 3,110 మంది స్కాన్‌ల మీద వచ్చిన 33 పరిశోధనలను కలిపి చూశారు. ఏ బాధా లేని 20 ఏళ్ళవాళ్ళలో 37 శాతం మందికి, 80 ఏళ్ళవాళ్ళలో 96 శాతం మందికి డిస్కులు అరిగి ఉన్నాయి. డిస్క్ ఉబ్బు 20 ఏళ్ళప్పుడు 30 శాతం, 80 ఏళ్ళప్పుడు 84 శాతం. తల నెరవడం లాంటిదే ఇది కూడా, లోపల జరుగుతుంది కాబట్టి కనబడదు, అంతే.

అలాగని స్కాన్ పనికిరాదని కాదు. కాలి నొప్పి, తిమ్మిరి, బలహీనత ఒకే నరం దారిలో ఉండి, స్కాన్‌లో అదే చోట నరం నొక్కుకుంటే ఆ రెండూ సరిపోతాయి. అప్పుడు కూడా బయటికి వచ్చిన డిస్క్ ముక్క చాలామందిలో నెలల వ్యవధిలో తానే కుంచించుకుపోతుంది. రిపోర్టు తీసుకున్నప్పుడు డాక్టరుని అడగాల్సిన ప్రశ్న ఒకటే: "ఇందులో కనబడ్డదానికీ నా నొప్పికీ సంబంధం ఉందా, నా వయసులో నొప్పి లేనివాళ్ళకి కూడా ఇలాగే ఉంటుందా?"

వంగడం

అన్ని భయాల్లోకీ మొండిది వంగే భయం. "ముందుకి వంగొద్దు" అని ఒకసారి ఎవరో చెప్పారు, ఎప్పటిదాకా అన్నది చెప్పలేదు. రెండేళ్ళయినా చెప్పుల పట్టీ పెట్టుకోవడానికి ఇంకొకర్ని పిలుస్తుంటారు. వంగడానికి భయపడి నిక్కబొడుచుకుని ఉండేవాళ్ళని గమనిస్తే, వంగక తప్పనప్పుడు ఊపిరి బిగబట్టి, పొట్ట బిగించి, మెడ కూడా కదలకుండా వంగుతారు. వీపు వెనక కండరాలు, పొట్ట ముందు కండరాలు రెండూ ఒకేసారి బిగిస్తే వెన్నుపూసల మీద ఒత్తిడి తగ్గదు, పెరుగుతుంది. జాగ్రత్త అనుకున్నదే బరువవుతుంది.

మళ్ళీ వంగడం నేర్చుకోవాలంటే కుర్చీలో మొదలుపెట్టాలి. పాదాలు నేలకి ఆనించి, కాళ్ళు భుజాలంత ఎడంగా పెట్టి, అరచేతులు తొడల మీద ఉంచండి. ఊపిరి వదులుతూ చేతుల్ని మోకాళ్ళ దాకా జార్చండి, వీపుని గుండ్రంగా అవనివ్వండి, తలని వేలాడనివ్వండి. తిరిగి లేవండి. ఐదుసార్లు, రోజుకి రెండు పూటలు. రెండు మూడు రోజులు అలా బాగా జరిగాక చేతులు మోకాళ్ళకీ చీలమండలకీ మధ్య దాకా, తర్వాత చీలమండల దాకా. అది భయం లేకుండా అవుతున్నప్పుడు నిలబడి, ఒక చెయ్యి బల్ల మీద ఆనించి వంగడం. ఆ తర్వాత ఖాళీ అట్టపెట్టె స్టూలు ఎత్తునుంచి తియ్యడం, నేల మీదనుంచి తియ్యడం, చివరికి అందులో ఒక కిలో, రెండు కిలోలు వేసి తియ్యడం. ప్రతి మెట్టులోనూ ఒక పరీక్ష పెట్టుకోండి: వంగుతూ ఒకటి నుంచి ఐదు దాకా పైకి లెక్కపెట్టగలుగుతున్నారా? గొంతు ఆగిందంటే ఊపిరి బిగబట్టినట్టే. మెట్టు దిగండి.

బరువెత్తేటప్పుడు "వీపు నిటారుగా, మోకాళ్ళు వంచి" అన్న పాఠం అందరికీ వచ్చు. మోకాళ్ళు బాగోలేనివాళ్ళకి అది కుదరదు, పైగా అలా ఎత్తినవాళ్ళకి నడుం నొప్పి రాదని తేల్చిన గట్టి రుజువూ లేదు. ఒంటికి దగ్గరగా పట్టుకోవడం మాత్రం ఎలా ఎత్తినా పనికొస్తుంది. చేతులు చాచి పట్టుకున్న ఐదు కిలోలు పొట్టకి ఆనించి పట్టుకున్న ఐదు కిలోలకంటే నడుంకి చాలా రెట్లు భారం.

ఒక్క మినహాయింపు. నిద్ర లేచిన వెంటనే వంగే వ్యాయామాలు పెట్టుకోకండి. రాత్రంతా పడుకున్నప్పుడు డిస్కులు నీరు పీల్చుకుని ఉబ్బుతాయి, పొద్దున మనిషి ఒకటి రెండు సెంటీమీటర్లు పొడుగ్గా ఉంటాడు. ఆ అదనపు ఎత్తులో సగం లేచిన మొదటి గంటలోనే పోతుంది. ఉబ్బి బిగుతుగా ఉన్నప్పుడు పూర్తిగా ముందుకి వంగితే డిస్కుల మీద ఒత్తిడి ఎక్కువ. 1998లో వచ్చిన ఒక అధ్యయనంలో ఉదయపు తొలి గంటల్లో వంగకుండా జాగ్రత్తపడ్డవాళ్ళకి నొప్పి రోజులు తగ్గాయి. పొద్దున్నే మంచం మీదే మోకాళ్ళు ఛాతీకి లాక్కుని, "వ్యాయామం నాకు పడదు" అని తేల్చుకున్నవాళ్ళు చాలామంది సమయాన్ని ఒక గంట జరిపితే సరిపోయేది.

నడకే అందరికీ పడదు

నడక గురించే ఇంతసేపు మాట్లాడాను గాని, నడకే అడ్డంకి అయ్యేవాళ్ళున్నారు. పెద్ద వయసులో వెన్నుకాలువ, అంటే వెన్నులో నరాలు వెళ్ళే దారి, ఇరుకైనవాళ్ళకి నిటారుగా నడుస్తుంటే కొన్ని నిమిషాలకే పిరుదులు, తొడలు, పిక్కలు బరువెక్కి మొద్దుబారతాయి. కూర్చుంటేనో ముందుకి వంగితేనో తేలికవుతుంది. వంగినప్పుడు ఆ కాలువలో కాస్త చోటు పెరుగుతుంది, అందుకే. తోపుడు బండి మీద వాలి నడిస్తే ఎంతదూరమైనా నడవగలరు, మామూలుగా అయితే వంద అడుగులకే ఆగుతారు. వీళ్ళని "ఓర్చుకుని నడవండి" అనడం అన్యాయం. వీళ్ళకి కదలని సైకిలు బాగా నప్పుతుంది, హ్యాండిల్ మీదకి కొంచెం వాలి తొక్కాలి. నడవాలంటే ఐదు నిమిషాలు నడిచి, రెండు నిమిషాలు కూర్చుని, మళ్ళీ ఐదు. కూర్చోకుండా, వంగకుండా, ఊరికే నిలబడినంతనే పిక్కల నొప్పి తగ్గిపోతుంటే అది వెన్ను సంగతి కాకపోవచ్చు, కాళ్ళ రక్తనాళాలు చూపించుకోవాలి.

డిస్క్ బాధ ఉన్నవాళ్ళలో చాలామంది తీరు దీనికి ఎదురు. వాళ్ళకి కూర్చోవడం నరకం, నడిస్తే హాయి. వాళ్ళని సైకిలెక్కిస్తే మొదటి వారంలోనే మానేస్తారు. మూడో రకం ఒకటుంది: నలభై ఏళ్ళలోపు మొదలై, పొద్దున అరగంటకి పైగా బిగుసుకుపోయి, విశ్రాంతితో పెరిగి కదిలితే తగ్గే నొప్పి. ఇది వాపుకి సంబంధించిన వెన్ను జబ్బు కావచ్చు. కీళ్ళవాతం డాక్టరు దగ్గరకి వెళ్ళాలి. దీన్ని మామూలు నడుం నొప్పి అనుకుని ఏళ్ళు గడిపేవాళ్ళున్నారు.

ఏ వ్యాయామం మంచిదన్న తగవు పెద్దది గాని, దీర్ఘకాలపు నడుం నొప్పిలో ఒక రకం మిగతా అన్నిటినీ ఓడించిందన్న స్థిరమైన రుజువు లేదు. వారంలో నాలుగు రోజులు చెయ్యగలిగేదేదో అదే ఎంచుకోవచ్చు. అందుకే పది బొమ్మలున్న కాగితం చేతికిచ్చి పంపడం నాకు నచ్చదు. పది ఇస్తే మొదటి వారం పదీ చేస్తారు, రెండో వారం ఆరు, నాలుగో వారం కాగితం ఎక్కడుందో తెలియదు. మూడు చాలు.

ఆ మూడింటిలో ఒకటిగా, చేతుల మీదా మోకాళ్ళ మీదా నిలబడి ఎదురెదురు చెయ్యి, కాలు చాచే వ్యాయామాన్ని తీసుకుందాం. కెనడాలో వెన్ను బలాల మీద పనిచేసిన స్టువర్ట్ మెక్‌గిల్ సిఫారసు చేసే మూడింటిలో ఇదొకటి. భుజాల కింద అరచేతులు, తుంటి కింద మోకాళ్ళు. కుడి చెయ్యి ముందుకి, ఎడమ కాలు వెనక్కి. పదికి మించని సెకన్లు. మొదట ఒక్కోవైపు 6 సార్లు, కాస్త ఆగి 4, మళ్ళీ ఆగి 2. చాలామంది చేసే తప్పు కాలుని ఎత్తుగా లేపడం. కాలు తుంటి ఎత్తు దాటగానే నడుం కిందికి కుంగుతుంది, నొప్పి అక్కడ పుడుతుంది. మడమతో వెనక గోడని తంతున్నట్టు చాచాలి, పైకి లేపినట్టు కాదు. తుంటి మీద నీళ్ళ గిన్నె ఉందనుకోండి, తొణకకూడదు. తొణుకుతుంటే చెయ్యి నేల మీదే ఉంచి కాలొక్కటే చాచండి.

నేల మీదకి దిగడమే కష్టమైనవాళ్ళకి ఇదంతా వృథా ప్రసంగం. వాళ్ళు బల్ల అంచు పట్టుకుని, నిలబడి కాలు వెనక్కి చాచొచ్చు. వీపు వ్యాయామాలు వదిలేసినవాళ్ళలో ఎంతమంది చాప మీదనుంచి లేవలేక వదిలేశారో ఎవరూ అడగరు. లేచే పద్ధతి: పక్కకి దొర్లి, మోచేతి మీద లేచి, నాలుగు కాళ్ళ భంగిమకొచ్చి, కుర్చీ సీటు మీద రెండు చేతులు పెట్టి, ఒక పాదం ముందుకేసి లేవాలి. ఆ కుర్చీని మొదటే పక్కన పెట్టుకోవాలి.

చుట్టూ ఉన్నవి

కూర్చుని చేసే ఉద్యోగాల్లో కూర్చోవడం కంటే కదలకుండా కూర్చోవడం చేటు. అరగంటకోసారి లేవమని ఫోన్లో అలారం పెట్టుకుంటే మూడో రోజుకి చెయ్యి దానంతటదే ఆపేస్తుంది. అలారానికి బదులు, ఎలాగూ చేసే పనికి ముడిపెట్టండి: ఫోన్ మోగితే లేచి మాట్లాడటం, పెద్ద సీసాకి బదులు చిన్న గ్లాసు పెట్టుకుని నీళ్ళకోసం లేవడం. గంటలకొద్దీ కూర్చుని ప్రయాణం చేసి దిగగానే పెట్టె ఎత్తకండి. రెండు నిమిషాలు నిలబడి, నాలుగడుగులు వేశాక ఎత్తండి. ఎక్కువసేపు వంగి కూర్చున్నప్పుడు సాగిన లిగమెంట్లు, అంటే ఎముకల్ని కలిపి పట్టుకునే పట్టీలు, బిగుసుకోవడానికి కొంత సమయం కావాలి.

రోజంతా బరువులు మోసేవాళ్ళ ఇబ్బంది వేరు. "నేను పొద్దున్నుంచీ కదులుతూనే ఉన్నాను, ఇంకా వ్యాయామం దేనికి" అంటారు. న్యాయమైన ప్రశ్న. కానీ పనిలో కదలిక ఒకే తీరుగా వందలసార్లు జరుగుతుంది, ఎప్పుడు ఆగాలో వాళ్ళ చేతుల్లో ఉండదు. వీళ్ళకి సాయంత్రం నడక చెప్పడం దండగ. వారానికి రెండుసార్లు, సెలవురోజు ఒకటి కలుపుకుని, 20 నిమిషాల బలం పెంచే వ్యాయామం, పనిలో కుదిరినప్పుడల్లా చెయ్యి మార్చడం, వంగి చేసే పనినీ నిలబడి చేసే పనినీ కలిపి చేసుకోవడం ఎక్కువ ఉపయోగం.

నడుంకి కట్టుకునే బెల్టు గురించి రెండు మాటలు. అది నొప్పి రాకుండా ఆపుతుందనడానికి ఆధారం లేదు. పెట్టుకుంటే ధైర్యంగా ఉందంటే, బరువైన పని ఉన్న అరగంటకి పెట్టుకుని తీసెయ్యండి. రోజంతా వాడుతున్నవాళ్ళు రోజుకో గంట చొప్పున తగ్గించుకోవచ్చు.

నొప్పి మాత్ర వేసుకుని నడవడం తప్పు కాదు, నడవగలగడానికే వేసుకోవచ్చు. మాత్ర పనిచేస్తున్న ఆ నాలుగు గంటల్లో కోటా దాటడమే తప్పు. ఐబుప్రొఫెన్ లాంటివి అయితే కడుపులో పుండ్లు, కిడ్నీ, గుండె జబ్బులు ఉన్నవాళ్ళు అడక్కుండా వేసుకోకూడదు.

ఇంట్లోవాళ్ళ ప్రేమ ఇంకో అడ్డంకి. "నువ్వు లేవకమ్మా, నేను తెస్తాను" అన్న మాట రోజుకి పదిసార్లు వింటే లేవాల్సిన పది సందర్భాలు పోయినట్టే. వాళ్ళని కసురుకోనక్కర్లేదు, ఆ కోటా కాగితం చూపించండి. "నొప్పి ఎలా ఉంది నాన్నా" అని అడిగేబదులు "ఇవాళ ఎనిమిది నిమిషాలూ అయ్యాయా" అని అడగమనండి. మొదటి ప్రశ్న నొప్పిని వెతుక్కునేలా చేస్తుంది.

నిద్ర సరిపోని మర్నాడు అదే నొప్పి ఎక్కువగా తెలుస్తుంది, ఏ పని మీదా మనసు పోదు. వారాల తరబడి దిగులు, దేనిమీదా ఆసక్తి లేకపోవడం ఉంటే దానికి వేరే వైద్యం కావాలి. నడుం తగ్గితే అదే పోతుందిలే అని వదిలెయ్యకూడదు.

మళ్ళీ పట్టేసిన రోజు

ఎంత పద్ధతిగా చేసినా ఒకరోజు నడుం పట్టేస్తుంది. ఆ రోజు ఏం చెయ్యాలో ఆ రోజు ఆలోచిస్తే మనసు మంచం వైపే లాగుతుంది, కాబట్టి బాగున్నప్పుడే రాసి పెట్టుకోవాలి. కోటా 16 నిమిషాలు అనుకుంటే, మొదటి రెండు రోజులు అందులో సగం, అదీ రెండు ముక్కలుగా, నాలుగేసి నిమిషాలు. మూడో రోజు 12. నాలుగో రోజో ఐదో రోజో మళ్ళీ 16. మధ్యలో వెల్లకిలా పడుకుని పిక్కలు కుర్చీ సీటు మీద పెట్టి పది నిమిషాలు, నడుంకి గోరువెచ్చని కాపడం 15 నుంచి 20 నిమిషాలు. కొత్త వ్యాయామాలు, మర్దనాలు, విరుపులు ఆ రెండు రోజులూ వద్దు. సగం చెయ్యండి, పావు చెయ్యండి, సున్నా మాత్రం వద్దు.

ఇక చివరి అడ్డంకి, నొప్పి తగ్గిపోవడం. నిజమే. తగ్గగానే మానేస్తారు. ఒకసారి తగ్గినవాళ్ళలో దాదాపు మూడింట రెండు వంతుల మందికి ఏడాదిలోపే తిరిగి వస్తుంది. 2024లో లాన్సెట్ పత్రికలో వచ్చిన ఆస్ట్రేలియా అధ్యయనం సరిగ్గా ఈ దశలో ఉన్న 701 మంది మీద జరిగింది. నొప్పి తగ్గినవాళ్ళలో సగంమందికి ఫిజియోథెరపిస్టు సాయంతో ఆరు నెలల్లో, వారానికి ఐదు రోజులు అరగంట నడక లక్ష్యంగా పెట్టారు. పనులకి అడ్డొచ్చేంత నొప్పి తిరిగి రావడానికి నడక చెప్పనివాళ్ళకి మధ్యస్థంగా (వరసలో సరిగ్గా నడిమి మనిషికి) 112 రోజులు పట్టింది, నడక చెప్పినవాళ్ళకి 208 రోజులు. నొప్పి అసలు రాకుండా పోలేదు, ఆలస్యంగా వచ్చింది.

మధ్యలో జ్వరమో ప్రయాణమో వచ్చి ఆగిపోతే ఆగిన చోటునుంచే ఎత్తుకోకండి. వారం పోతే రెండు వారాల కిందటి కోటాతో మొదలుపెట్టండి. నెల దాటితే పాత అంకెలు పక్కన పెట్టేసి, మళ్ళీ మూడు రోజులు కొలిచి, సగటు తీసి, అందులో 80 శాతం.